పానా కంటే ముందు కొలత: పాత లారీకి సొంత రిపేర్ల లెక్క

పాత టాటా లారీ మీద 1613 అని రాసి ఉంటే అందులో బండి జాతకం సగం ఉన్నట్టే. ముందున్న 16 బండి బరువు, సరుకు బరువు కలిపి టన్నుల్లో. వెనకున్న 13 ఇంజన్ శక్తి, పదితో గుణించుకుంటే 130 హార్స్‌పవర్. 1210 అంటే 12 టన్నులు, 100 హార్స్‌పవర్ అన్నమాట. ఆ కాలపు టాటాల్లో చాలావాటికి ఉన్న 697 ఇంజన్‌దీ ఇదే వరస. 6 సిలిండర్లు, ఒక్కోదాని బోరు 97 మి.మీ. స్ట్రోకు 128 మి.మీ. గుణించి చూస్తే 5,675 సీసీ వస్తుంది. 2018లో రెండు ఇరుసుల లారీ మోయదగ్గ మొత్తం బరువును కేంద్రం 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు పెంచింది. ఇరవై ఏళ్ల కిందట బిగించిన కమాన్ కట్టలకు మాత్రం ఆ సంగతి తెలియదు.

ఇంజన్ పంపు దగ్గర్నుంచి బ్రేకు దాకా అంతా కంటికి కనిపించే ఇనుమే అయిన తరం బళ్ల గురించి ఈ కథనం. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 లారీలో సెన్సర్లు, యూరియా ద్రావణం, కంప్యూటర్ కోడ్‌లు ఉంటాయి. అక్కడ స్కానర్ లేకుండా చేయి పెట్టడం అనవసరం. పాత ఆరు టైర్ల లారీని తానే నడుపుకుంటూ తానే చూసుకునే డ్రైవర్ కమ్ ఓనర్‌కు ఇంకా చాలా పనులు చేతిలోనే ఉన్నాయి. కాకపోతే ‘సొంత రిపేరు’ అనగానే మనసు పానాల పెట్టె వైపు పోతుంది. అంకెలు చూస్తే డబ్బు మిగిలే చోటు వేరు. విప్పే పనిముట్ల కంటే కొలిచే పనిముట్లే ఎక్కువ సంపాదించిపెడతాయి.

ముందు పెద్ద అంకెలు

లెక్క తేలికగా ఉండటానికి ఒక బండిని ఊహించుకుందాం. ఏడాదికి 60,000 కి.మీ. తిరుగుతుంది, లీటరుకు నాలుగున్నర కిలోమీటర్లు ఇస్తుంది, డీజిల్ లీటరు 96 రూపాయలు. ఏడాదికి 13,333 లీటర్లు, అంటే దాదాపు 12 లక్షల 80 వేల రూపాయలు. కిలోమీటరుకు 21 రూపాయల పైచిలుకు డీజిల్‌కే పోతోంది. ఇందులో ఒక్క శాతం అటూ ఇటూ అయితే 12,800 రూపాయలు. పాత లారీ యజమాని గుర్తుపెట్టుకోవలసిన మొదటి అంకె ఇదే.

రెండోది ఆగిన రోజు ఖరీదు. పై బండి ఏడాదిలో 250 రోజులు రోడ్డు మీద ఉంటే సగటున రోజుకు 240 కి.మీ. డీజిల్, టోల్, బేటా తీసేశాక కిలోమీటరుకు పది రూపాయలు మిగులుతాయనుకుంటే రోజుకు 2,400 రూపాయలు. మేస్త్రి పూటలో ముగించే పనికి కూలి 800 అనుకుందాం. అది ఆదా చేద్దామని మనమే మొదలుపెట్టి, సరైన పుల్లర్ లేక రెండు రోజులు బండి నిలబెడితే 800 మిగిల్చి 4,800 పోగొట్టుకున్నట్టు. బండి ఆగినా బీమా ఆగదు. 12 నుంచి 20 టన్నుల తరగతి సరుకు లారీకి 2022 జూన్‌లో వచ్చిన థర్డ్ పార్టీ ప్రీమియం పన్ను కాక 35,313 రూపాయలు. రోజుకు సుమారు 97. ఇంటి ముందు నిలబెట్టినా రోజుకో లీటరు డీజిల్ పారబోసినట్టే.

అందుకే సొంతంగా చేయదగిన పనికి నా గీత ఇది: బండి ఎలాగూ ఆగి ఉన్న సమయంలో, అంటే లోడింగ్ కోసం వరసలో ఉన్నప్పుడో, పొద్దున్నే బయల్దేరే ముందో ముగిసిపోవాలి. అలా ముగియని పని ఎంత తేలికైనా, ఎంత సరదా అయినా మేస్త్రిదే. క్లచ్ దించడం, హౌసింగ్ విప్పడం, ఇంజన్ బోరు చేయించడం లాంటివాటికి విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్లకు పోవడంలో చిన్నతనం లేదు. అక్కడ లేత్, వెల్డింగ్, స్ప్రింగ్ పని, టింకరింగ్ అన్నీ పక్కపక్కనే ఉంటాయి కనుక ఒక పార్టు కోసం బండి రోజంతా ఎదురుచూడదు. మేస్త్రికిచ్చే కూలిలో సగం ఆ వేగానికే.

చేతిలో ఉండాల్సినవి ఆరు: టైరు గాలి గేజి, టేపు, ఫీలర్ గేజి, మల్టీమీటర్, బ్యాటరీ హైడ్రోమీటర్, దూరం నుంచే వేడి చూపించే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్. మామూలు రకాలైతే అన్నీ కలిపి మూడు, నాలుగు వేలలో వచ్చేస్తాయి. పైన చెప్పుకున్న డీజిల్ లెక్కలో అది మూడో వంతు శాతం కూడా కాదు.

టైరు: రాడ్డు చప్పుడు చాలదు

పాత నిబంధన ప్రకారం రెండు ఇరుసుల లారీకి ముందు ఇరుసు మీద 6 టన్నులు, వెనక ఇరుసు మీద 10.2 టన్నులు. వెనక టైర్లు నాలుగు కాబట్టి ఒక్కోదాని మీద 2.55 టన్నులు. జంటలో లోపలి టైరుకు గాలి లేకపోతే ఆ భారం బయటి టైరు మీద పడుతుంది. అంటే ఒక్క టైరు అయిదు టన్నులు మోస్తోంది. బయటి నుంచి చూసేవాడికి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. లోపలి టైరు వాల్వు దాకా చేయి పెట్టడం చిరాకు పని కనుక మన వాళ్లు రాడ్డుతో కొట్టి చప్పుడు వింటారు. ఆ చప్పుడు పూర్తిగా పంక్చరైన టైరును పట్టిస్తుంది. 80 పీఎస్ఐకీ 100 పీఎస్ఐకీ తేడా మాత్రం ఎంత అనుభవం ఉన్న చెవికీ తెలియదు. ఆ ఇరవై పాయింట్ల దగ్గరే డబ్బు పోయేది.

గాలి పది శాతం తగ్గితే భారీ వాహనానికి డీజిల్ అర శాతం నుంచి ఒక శాతం దాకా ఎక్కువ తాగుతుందన్నది రవాణా రంగంలో వాడుకలో ఉన్న అంచనా. మన బండికి అది ఏడాదికి 6,400 నుంచి 12,800 రూపాయలు. టైరు అంచులు అరిగిపోవడం, పక్క గోడ వేడెక్కి పగలడం దీనికి అదనం. గాలి పట్టించుకోవడానికయ్యే ఖర్చు దాదాపు సున్నా.

గేజి పెట్టే వేళ కూడా ముఖ్యం. చల్లగా ఉన్నప్పుడు, 30 డిగ్రీల దగ్గర 100 పీఎస్ఐ ఉన్న టైరు, ఎండలో నాలుగు గంటలు నడిచి లోపలి గాలి 70 డిగ్రీలకు చేరితే దాదాపు 115 చూపిస్తుంది. గాలి పెరగలేదు, వేడికి ఒత్తిడి పెరిగింది అంతే. మధ్యాహ్నం ధాబా దగ్గర గేజి పెట్టి ‘అమ్మో ఎక్కువైంది’ అని 15 పాయింట్లు వదిలేస్తే, మర్నాటి పొద్దుటికి ఆ టైరు 85 పైచిలుకులో ఉంటుంది. ఎండాకాలం టైర్లు పేలడానికి ఎండ కారణమని అందరూ చెప్పుకుంటారు. ఎండ ఒక చేయి వేస్తుంది నిజమే. తక్కువ గాలితో ప్రతి చుట్టులోనూ టైరు ఎక్కువగా వంగి లోపలే పుట్టించుకునే వేడి అసలు దోషి.

ఇక టేపు. జంట టైర్లలో ఒకటి కొత్తది, ఒకటి అరిగినది వేస్తే ఏమవుతుందో లెక్కేద్దాం. 10.00-20 సైజు టైరు వ్యాసం సుమారు 1,050 మి.మీ., చుట్టుకొలత 3.3 మీటర్లు, కిలోమీటరుకు సుమారు 303 చుట్లు. జంటలో రెండింటి వ్యాసం 6 మి.మీ. తేడా ఉంటే చుట్టుకొలతలో తేడా 19 మి.మీ. రెండూ ఒకే హబ్‌కు బిగించినవి కనుక వేర్వేరుగా తిరగలేవు. కాబట్టి ప్రతి చుట్టుకూ ఏదో ఒకటి ఆ 19 మి.మీ. రోడ్డు మీద ఈడ్చుకుపోవాలి. కిలోమీటరుకు 5.7 మీటర్లు. 60,000 కి.మీ.కు 342 కి.మీ. ఈడ్పు! దాదాపు హైదరాబాద్ నుంచి ఒంగోలు దాకా టైరును తిరగనివ్వకుండా లాక్కెళ్లినంత. స్టెప్నీ మార్చేటప్పుడు టేపు చుట్టి, చుట్టుకొలత దగ్గరగా ఉన్నవాటిని జంట కలపడానికి పది నిమిషాలు చాలు.

చక్రం విప్పి బిగించాక 50 నుంచి 100 కి.మీ. లోపు మళ్లీ ఒకసారి నట్లు చూడాలి. పెయింటు, తుప్పు, ధూళి నలిగి నట్టు వదులవుతుంది. వరసగా గుండ్రంగా కాక, ఒకదాని తర్వాత దాని ఎదురుగా ఉన్నదాన్ని బిగించుకుంటూ పోవాలి. కొన్ని పాత బళ్లలో ఎడమ పక్క చక్రాలకు ఎడమ మరలు ఉంటాయి. కొత్త క్లీనర్ దాన్ని ‘విప్పుతున్నా’ననుకుంటూ బలమంతా పెట్టి బిగించేస్తాడు.

చుక్క చుక్క డీజిల్

ఫిల్టరు దగ్గరో, పంపు పైపు దగ్గరో బోల్టు కింద రాగి వాషర్ అరిగి డీజిల్ చెమర్చడం పాత బళ్లకు మామూలే. ‘అదెప్పుడూ ఉండేదే’ అని వదిలేస్తారు. సెకనుకు ఒక్క చుక్క అనుకుందాం. డీజిల్ మిల్లీలీటరుకు 40 చుక్కల చొప్పున లెక్కేస్తే పది గంటల నడకలో 36,000 చుక్కలు, 900 మి.లీ. రోజుకు 86 రూపాయలు. 250 రోజులకు 21,600 రూపాయలు! వాషర్ ఖరీదు టీ ఖరీదుకు మించదు. అసలు వాషర్‌ను మంట మీద ఎర్రగా కాల్చి చల్లారిస్తే రాగి మళ్లీ మెత్తబడి కూర్చుంటుంది, పాత మేస్త్రులకు ఇది తెలిసిన విద్యే. కొత్తది దొరికేచోట కొత్తదే వేయడం నయం.

కొన్నిచోట్ల డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉండే పైపులో పంపు లాగే పీల్పు ఉంటుంది కనుక అక్కడ చీలిక ఉంటే తడి కనిపించదు. రాత్రి నిలబెట్టిన బండి పొద్దున ఎంతసేపు సెల్ఫ్ కొట్టినా స్టార్ట్ కాకపోతే ముందు అనుమానించాల్సింది బ్యాటరీని కాదు, ఈ గాలిని. ఫిల్టరు మీది బ్లీడ్ స్క్రూ కాస్త వదులు చేసి, చేతి ప్రైమర్‌తో నురగ పోయి నికరమైన డీజిల్ వచ్చేదాకా కొట్టి, స్క్రూ బిగించాలి. రెండు మూడు రోజులకోసారి ఇదే పని చేయాల్సి వస్తుంటే రబ్బరు గొట్టం, క్లిప్పులు మార్చాలి. ఒట్టి క్లిప్పుతో పోయే జబ్బుకు సెల్ఫ్ మోటార్ రిపేరు చేయించినవాళ్లు ప్రతి లారీ స్టాండులోనూ ఒకరిద్దరుంటారు.

ఇంజెక్టర్ పైపుల దగ్గర మాత్రం ఈ చొరవ వద్దు. నాజిల్ తెరుచుకునే ఒత్తిడి రెండు వందల కేజీల దరిదాపుల్లో ఉంటుంది, చదరపు సెంటీమీటరుకు. కారుతోందా అని వేలు పెట్టి చూస్తే ఆ డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది పోటంత గాయమే, లోపల మాత్రం శస్త్రచికిత్స దాకా వెళ్లే సంగతి. అట్ట ముక్క అడ్డుపెట్టి చూడాలి. పంపు కేలిబ్రేషన్, నాజిల్ ఒత్తిడి సరిచేయడం బెంచీ మీద చేసే పనులు. పంపు షాపుకు పంపాల్సిందే.

24 వోల్టులు ఎక్కడికి పోతున్నాయి?

పాత లారీలో కరెంటు జబ్బులు నూటికి తొంభై ‘ఎర్తింగ్’ జబ్బులేనని ఎలక్ట్రీషియన్లు అంటుంటారు. ఆ తొంభైని ఎవరూ లెక్కపెట్టి ఉండరు కానీ మాటలో నిజం ఉంది. వైరు పోయేదారి చూస్తాం, తిరిగొచ్చే దారి ఛాసిస్ కనుక మరిచిపోతాం. బోల్టు కింద పెయింటు, తుప్పు, మట్టి చేరి దారి ఇరుకవుతుంది.

ఎంత ఇరుకైతే ఎంత నష్టం? సెల్ఫ్ కొట్టేటప్పుడు 300 ఆంపియర్లు పోతున్నాయనుకుందాం. దారిలో ఒక జాయింటు ఓముకు నూరో వంతు అడ్డు పెట్టినా అక్కడే 3 వోల్టులు ఆగిపోతాయి. 24లో 3 పోతే సెల్ఫ్ మూలుగుతుంది, మనం బ్యాటరీ పాడైందనుకుంటాం. ఆ జాయింటు దగ్గర పుట్టే వేడి 900 వాట్లు, చిన్న హీటరుతో సమానం. మల్టీమీటరును బ్యాటరీ మైనస్ టెర్మినల్‌కూ, ఇంజన్ బాడీకీ పెట్టి, ఒకరిని సెల్ఫ్ కొట్టమంటే తేలిపోతుంది. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ స్ట్రాప్ విప్పి, రెండు వైపులా ఇనుము మెరిసేదాకా ఎమరీతో గీకి, బిగించి, పైన గ్రీజు రాయాలి. బ్యాటరీ ముట్టేటప్పుడు ముందు మైనస్ తీయాలి, చివర మైనస్ పెట్టాలి. లేకపోతే పానా ఛాసిస్‌కు తగిలి వెల్డింగ్ నిప్పులు చూడాల్సి వస్తుంది.

హెడ్‌లైట్ లెక్క ఇంకా చిత్రంగా ఉంటుంది. ఫిలమెంట్ బల్బు వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, అంతకు మూడింతల పైన పడిపోతుంది. బల్బు దగ్గర పది శాతం వోల్టేజీ తగ్గితే, అంటే 24కు 21.6 అందితే, వెలుగు సుమారు 30 శాతం పోతుంది. రాత్రిపూట లైట్లు ఆనడం లేదని ఎదుటివాడి కళ్లు పోయే ఎల్ఈడీలు కొనేముందు, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గరా బల్బు హోల్డరు దగ్గరా వోల్టేజీ కొలవండి. తేడా వోల్టు దాటితే తప్పు బల్బుది కాదు.

పెద్ద లారీలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా కలిపి ఉంటాయి. పూర్తి చార్జీతో విశ్రాంతిగా ఉన్న బ్యాటరీలో ఒక్కో సెల్లు 2.1, ఆరు సెల్లులకు 12.6, రెండు కలిస్తే 25.2 వోల్టులు. ఇంజన్ నడుస్తున్నప్పుడు మొత్తం 28 దగ్గర ఉంటే డైనమో బాగుందని మీటరు చెబుతుంది. ఆ 28లో ఒకటి 15, ఇంకోటి 13 పంచుకుంటుండొచ్చు. మొదటిది ఉడికి నీళ్లు తాగుతుంది, రెండోది ఎప్పటికీ నిండదు. అందుకే విడివిడిగా కొలవాలి. హైడ్రోమీటర్ 1.250 నుంచి 1.280 మధ్య చూపిస్తే నిండుగా ఉన్నట్టు. ఒక సెల్లు తక్కినవాటికంటే 0.050 తక్కువ చూపిస్తే ఆ బ్యాటరీకి రోజులు దగ్గర పడ్డాయి. చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది కనుక బీడీ దూరంగా కాల్చుకోవాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

ఫ్యూజు పోతే అదే ఆంపియర్ల ఫ్యూజు. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం, మెలిపెట్టిన రాగి తీగ పెట్టడం క్యాబిన్ తగలబెట్టుకోవడానికి చవకైన మార్గం.

బ్రేకు: కొలవడం మీది, కట్టడం తెలిసినవాడిది

ఎయిర్ బ్రేకు ఛాంబరు మీద 30 అనే టైపు నంబరు ఉంటే లోపలి డయాఫ్రం వైశాల్యం 30 చదరపు అంగుళాలు. దాని మీద 100 పీఎస్ఐ గాలి పడితే 3,000 పౌండ్లు, సుమారు 1,360 కేజీల తోపు. బాగా ఎక్కువే. కాకపోతే డయాఫ్రం చివరిదాకా సాగిపోయేసరికి ఆ బలం దబ్బున పడిపోతుంది. టైపు 30 మామూలు ఛాంబరుకు తోపుడు కడ్డీ నడక 2 అంగుళాలు, అంటే 51 మి.మీ. దాటకూడదన్నది అంతర్జాతీయంగా వాడే హద్దు. చక్రాలకు చెక్కలు వేసి, హ్యాండ్ బ్రేకు వదిలి, కడ్డీ మీద సుద్దతో గీత పెట్టి, ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే టేపుతో కొలవడం రెండు నిమిషాల పని.

లైనర్లు అరిగిన కొద్దీ ఈ నడక పెరుగుతుంది. మైదానంలో 45 మి.మీ. ఉంటే బండి బాగానే ఆగుతుంది. అదే బండి సరుకుతో దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్‌లోనో, మారేడుమిల్లి ఘాట్‌లోనో దిగేటప్పుడు డ్రమ్ము వేడెక్కుతుంది. 410 మి.మీ. వ్యాసం ఉన్న ఇనుప డ్రమ్ము 200 డిగ్రీలు పెరిగితే దాదాపు 0.9 మి.మీ. వ్యాకోచిస్తుంది. ఒక్కో పక్క 0.45 మి.మీ. చూడబోతే ఏమీ కాదు. కామ్ ఆరంగుళాల చేయికి అరంగుళం లెక్కన పనిచేస్తుంది కనుక ఆ దూరాన్ని అందుకోవడానికి కడ్డీ 12 రెట్లు నడవాలి. అయిదున్నర మి.మీ. అదనం. 45 కాస్తా 50 దాటి హద్దు అంచుకు చేరుతుంది. కింద ఊళ్లో బ్రేకు బాగుండి ఘాట్‌లో పోయిందని చెప్పే ప్రమాదాల్లో ఈ చిన్న గుణకారం ఉంటుంది.

చేతితో తిప్పే స్లాక్ అడ్జస్టర్ ఉన్న పాత బండికి నడక తగ్గించడం నేర్చుకోవచ్చు. మొదటి కొన్నిసార్లు మేస్త్రి ముందు చేయాలి, అన్ని చక్రాలకూ సమంగా చేయాలి. లేకపోతే బ్రేకు తొక్కితే బండి ఒక పక్కకు లాగుతుంది. దానంతటదే సరిచేసుకునే రకం అడ్జస్టర్ ఉండి కూడా నడక ఎక్కువుంటే తిప్పి సరిపెట్టకూడదు, లోపల వేరే జబ్బుంది. డ్రమ్ము విప్పిన చోట దుమ్మును ఎయిర్ గన్‌తో కొట్టొద్దు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది. తడి గుడ్డతో తుడవాలి. వెనక స్ప్రింగ్ బ్రేకు ఛాంబరును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పొద్దు, లోపల వందల కేజీల బలంతో నొక్కిపెట్టిన స్ప్రింగు ఉంటుంది.

గాలి లీకులకు సబ్బు నీళ్లు చాలు. ఇంజన్ ఆపి బ్రేకు తొక్కి పట్టి గేజి చూడండి. ఒంటి లారీకి నిమిషానికి 3 పీఎస్ఐ, అంటే 0.2 కేజీ మించి పడకూడదని అమెరికాలో లారీ లైసెన్సు పరీక్షలో చూస్తారు. మన బండికీ అదే కొలత పెట్టుకోవచ్చు. ఎయిర్ ట్యాంకు నీళ్లు రోజూ వదలాలి. నీళ్లతో పాటు నల్ల నూనె ఎక్కువగా వస్తుంటే కంప్రెసర్ రింగులు అరిగాయని అర్థం. పదిహేను సెకన్ల పనికి దొరికే ఉచిత సమాచారం ఇది. బండి తిరిగి వచ్చాక నాలుగు హబ్‌లకూ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ చూపించండి. మూడు 60 దగ్గర ఉండి ఒకటి 110 చూపిస్తే అక్కడ బేరింగో, అంటుకున్న బ్రేకో ఉంది.

కొన్ని చిన్న అంకెలు

రేడియేటర్ మూత మీద 0.7 అని ఉంటే నీళ్ల మీద అంత అదనపు ఒత్తిడి నిలుపుతుందని. దానివల్ల నీళ్లు 100కు బదులు 115 డిగ్రీల దగ్గర మరుగుతాయి. రబ్బరు చీలిన మూత ఆ 15 డిగ్రీల రక్షణను పోగొడుతుంది. మే నెలలో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ ‘హీట్’ అయ్యే బండికి రేడియేటర్ విప్పించే ముందు మూత మార్చి చూడడం తెలివి. వేడి మీద మూత తీయొద్దు.

టాపెట్లు ఫీలర్ గేజితో సరిచూసుకోవచ్చు. ఇంజన్‌ను బట్టి సందు 0.2 నుంచి 0.5 మి.మీ. మధ్య ఉంటుంది, మీ ఇంజన్ అంకె మాన్యువల్‌లో చూసుకోవాలి. ఆరు సిలిండర్ల టాటాలో మంట వరస 1-5-3-6-2-4. ఇందులో ఒక సుళువుంది. ఒకటో సిలిండరు టాపెట్లు కట్టాలంటే ఆరో సిలిండరు వాల్వులు ఊగే చోట ఇంజన్ నిలపాలి. అయిదుకు రెండు, మూడుకు నాలుగు. ఏ జంట కలిపినా మొత్తం 7. ఇది గుర్తుంటే పుస్తకం తెరవక్కర్లేదు.

2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాలన్నింటి మీద జీఎస్టీ 18 శాతం. అంతకు ముందు చాలావాటి మీద 28. పన్ను కాక 10,000 రూపాయల పార్టు 12,800 నుంచి 11,800కు దిగాలి. పాత నిల్వల మీద పాత ధర చెబితే బిల్లు అడగండి. పాత సామాను కొట్లలో తలుపు, అద్దం, బంపరు, మడ్‌గార్డు, సీటు ధైర్యంగా కొనొచ్చు. స్టీరింగ్ జాయింట్లు, వీల్ స్టడ్లు, బ్రేకు గొట్టాలు సెకండ్ హ్యాండ్‌లో కొనడం ఆదా కాదు. ఇనుము ఎంత అలిసిందో పైకి కనిపించదు.

బండి కిందికి దూరే ముందు జాకీని నమ్మొద్దు. ఆ ఎత్తును నిలబెట్టేది ఒక రబ్బరు సీలు. గట్టి చెక్క దిమ్మెలో, ఇనుప స్టాండ్లో ఇరుసు కింద ఉండాలి. ఇటుకలు, రాళ్లు పనికిరావు, అవి వంగకుండానే పగులుతాయి. లాక్ రింగు ఉండే రిమ్ముకు టైరెక్కించి గాలి కొట్టే పని ఇంటి దగ్గర పెట్టుకోవద్దు. 100 పీఎస్ఐ అంటే ప్రతి చదరపు అంగుళం మీద 45 కేజీలు, రింగు చుట్టూ కలిపితే టన్నులు. సరిగా కూర్చోని రింగు ఎగిరితే ఎదుట నిలబడ్డవాడు బతకడం కష్టం. ఇనుప పంజరం ఉన్న పంక్చర్ షాపే దానికి చోటు.

ఫిట్‌నెస్ తేదీ

ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఫిట్‌నెస్ ప్రతి ఏడాదీ. గడువు దాటితే రోజుకు 50 రూపాయలు అదనం. పదిహేనేళ్లు దాటిన భారీ వాహనానికి రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 12,500గా కేంద్రం నిర్ణయించింది. 2025 నవంబరులో వయసు మెట్లు మార్చి, ఇరవై ఏళ్లు దాటిన భారీ వాహనానికి 25,000 చేసింది. లారీ యజమానుల నుంచి గట్టి అభ్యంతరాలు వచ్చిన విషయం కనుక, కట్టే రోజున మీ రాష్ట్రంలో అమలవుతున్న రేటు చూసుకుని వెళ్లాలి.

ఇంత రుసుము కట్టి చిన్న లోపంతో వెనక్కి వస్తే ఒక రోజు కిరాయి కూడా పోతుంది. వెనక్కి పంపే కారణాల్లో చాలావాటికి మేస్త్రి అక్కర్లేదు. ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు రిఫ్లెక్టివ్ టేపు చిరగకుండా ఉందా, స్టాప్ లైట్లు రెండూ సమానంగా వెలుగుతున్నాయా, వైపర్, హారన్, ఇండికేటర్లు పనిచేస్తున్నాయా, టైరు గాడి లోతు ఎక్కడా 1.6 మి.మీ.కు తగ్గలేదా, 80 కి.మీ. దగ్గర వేగ నియంత్రణ పరికరం కట్ చేస్తోందా. ఇవి ఒక పొద్దున ముగిసే తనిఖీలు. బ్రేకు నడక, హబ్ వేడి కూడా అప్పుడే రాసిపెట్టుకుంటే మంచిది. ఇదంతా పరీక్షకు కనీసం పది రోజుల ముందు చేయాలి. లైనర్లు వేయించాల్సి వస్తే ఆటోనగర్‌లో వరస దొరికి, కొత్త లైనర్లు డ్రమ్ముకు సరిగ్గా కూర్చునేదాకా ఒకటి రెండు ట్రిప్పులు తిరగడానికి ఆ పది రోజులూ కావాలి.